చిన్న కుక్కకు మెడ ఆపరేషన్: అనుమానం వచ్చిన రోజు నుంచి కోలుకునే దాకా ఏం చేయాలి

ఎత్తుకోబోతే మీ చిన్న కుక్క ఉన్నట్టుండి కీచుమని అరిచిందా? తల కిందికి దించుకుని, మెడ బిగబట్టి, మూలన కదలకుండా నిలబడుతోందా? నడుస్తుంటే కాళ్లు తడబడుతున్నాయా? ఇవి ఒక రోజు కనిపించి నాలుగు రోజులు మాయమైనా సరే, ఎక్కడో పట్టేసి ఉంటుందిలే అని వదిలేయకండి. యార్క్‌షైర్ టెరియర్, చివావా, పొమెరేనియన్, టాయ్ పూడిల్, మాల్టీస్, పెకినీస్ లాంటి బుల్లి జాతుల్లో, ముఖ్యంగా రెండేళ్ల లోపు వయసులో, ఇలాంటి లక్షణాలకు మెడలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు లేకపోవడం కారణం కావచ్చు. డాక్టర్లు దీన్ని అట్లాంటోయాక్సియల్ ఇన్‌స్టెబిలిటీ అంటారు. రిపోర్టులో ఏఏఐ అని పొట్టిగా రాస్తారు.

మా పొమెరేనియన్‌కు ఇది ఏడో నెలలో బయటపడింది. సోఫా మీద నుంచి దూకి ఒక్క అరుపు అరిచింది, అంతే. మొదట చూపించిన చోట కడుపు నొప్పి అనుకుని మందులిచ్చారు. అలా రెండు వారాలు పోయాయి. ఆ రెండు వారాలూ దానికి కాలర్ వేసే తిప్పాను. తెలియక చేసిన పనే అయినా, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. ఇంకెవరికీ అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ఆపరేషన్ అనగానే మన టెన్షన్ అంతా ఆపరేషన్ థియేటర్ మీదే ఉంటుంది. అక్కడ ఆ మెడ డాక్టర్ చేతిలో ఉండేది కొన్ని గంటలే. దానికి ముందు కొన్ని రోజులు, తర్వాత కొన్ని వారాలు అది మీ చేతుల్లోనే ఉంటుంది.

మెడలో ఏం జరుగుతోంది

మెడలో మొదటి ఎముక పేరు అట్లాస్. అది ఉంగరంలా ఉంటుంది. రెండోది యాక్సిస్. యాక్సిస్ ముందు కొస నుంచి డెన్స్ అనే మేకు లాంటి ముక్క ఒకటి ఆ ఉంగరంలోకి చొచ్చుకుని ఉంటుంది. కొన్ని లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీలు, ఆ మేకును కదలకుండా పట్టి ఉంచుతాయి. కుక్క తల పక్కలకు తిప్పగలిగేది ప్రధానంగా ఈ కీలు వల్లే. కింది వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ ఇక్కడ ఉండదు కాబట్టి భారమంతా ఆ మేకు మీద, ఆ లిగమెంట్ల మీదే పడుతుంది.

కొన్ని కుక్కల్లో పుట్టుకతోనే ఆ మేకు ఏర్పడదు, లేదా పొట్టిగానో వంకరగానో ఉంటుంది. కొన్నింటిలో మేకు బాగానే ఉన్నా లిగమెంట్లు ఉండవు, ఉన్నా బలంగా ఉండవు. మామూలు కుక్కకైనా గట్టి దెబ్బ తగిలి మేకు విరిగితే ఇదే పరిస్థితి వస్తుంది. అప్పుడు తల కిందికి వంగినప్పుడల్లా యాక్సిస్ పైకి లేచి, లోపలున్న వెన్నుపామును నొక్కుతుంది. నాలుగు కాళ్లకూ మెదడు నుంచి సందేశాలు వెళ్లేది ఆ దారిలోనే. ఊపిరి పీల్చే కండరాలకూ అదే దారి. అందుకే కొన్ని కుక్కలు నొప్పితో ఆగిపోతే, కొన్ని నాలుగు కాళ్లూ పడిపోయి కదల్లేని స్థితికి వస్తాయి. ఊపిరి ఆగి చనిపోయేవీ ఉన్నాయి.

ఇందులో ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి: గడ్డం ఛాతీ వైపు వంగడమే ఈ కుక్కకు అన్నిటికన్నా ప్రమాదకరమైన కదలిక. ఇకపై నేను చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఆ వంపు రాకుండా చూడటానికే.

అనుమానం వచ్చిన రోజే చేయాల్సినవి

ముందు కాలర్ తీసేయండి. మెడ వంచి నొప్పి ఎక్కడుందో చూద్దామని అస్సలు ప్రయత్నించకండి. ఇంట్లో పిల్లలుంటే, దాన్ని ఎవరూ ఎత్తకూడదని గట్టిగా చెప్పండి. మెట్లు, సోఫా, మంచం, ఆటలు అన్నీ బంద్. అది లేచి నిలబడి పక్కకు తిరిగేంత చోటు మాత్రమే ఉన్న క్రేట్‌లోనో (కుక్కను ఉంచే చిన్న బోను), అడుగు గట్టిగా ఉన్న పెట్టెలోనో ఉంచండి.

ఎత్తక తప్పనప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి పిరుదుల కింద పెట్టండి. తల, మెడ, వీపు ఒకే గీతలో ఉండాలి. తల వేలాడకుండా మీ ముంజేతి మీదో, ఛాతీకో ఆనించుకోండి. మెడ చర్మం పట్టుకుని ఎత్తడం, ముందు కాళ్లు పట్టుకుని లేపడం వద్దే వద్దు. హాస్పిటల్‌కు ఒళ్లో పెట్టుకుని కాకుండా క్రేట్‌లోనే తీసుకెళ్లండి. సడెన్ బ్రేక్ పడితే మీ చేతులు ఆ మెడను కాపాడలేవు.

నొప్పి చూడలేక మనం వాడే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి వేయకండి. అవి కుక్కకు విషంగా మారతాయి. డాక్టర్ రాసిన మందులైనా, ఇంతకు ముందు ఏమేం వాడారో పేర్లతో సహా కొత్త డాక్టర్‌కు చెప్పండి. స్టెరాయిడ్, మామూలు నొప్పి మందు రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

నిలబడలేకపోతున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా, చిగుళ్లు నీలంగా మారినా తెల్లారే దాకా ఆగకండి. దారిలో ఉండగానే ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, మెడ సమస్య అని అనుమానంగా ఉందని చెప్పండి. ఆ ఒక్క మాట వాళ్లు కుక్కను పట్టుకునే తీరునే మార్చేస్తుంది.

పరీక్షల దగ్గర

పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో అట్లాస్ పై కప్పుకూ, యాక్సిస్ వీపు మీది రెక్కకూ మధ్య ఖాళీ మామూలు కన్నా ఎక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. చాలాసార్లు మెడ తిన్నగా ఉంచి తీసిన ఫొటోలోనే ఇది తెలిసిపోతుంది. ఆ ఖాళీ ఇంకా స్పష్టంగా కనిపించాలని మెడ బాగా వంచి ఫొటో తీయబోతే, అది నిజంగా అవసరమా అని మర్యాదగా అడగండి. మెలకువగా ఉన్న కుక్క నొప్పి వల్ల కండరాలు బిగబట్టి తన మెడను తానే కాపాడుకుంటుంది. మత్తు ఇవ్వగానే ఆ కాపు పోతుంది. కాబట్టి మత్తులో ఉన్న ప్రతి నిమిషమూ ఎవరో ఒకరు తలను, మెడను తిన్నగా పట్టి ఉంచాలి.

ఆపరేషన్ ఆలోచన ఉంటే సీటీ స్కాన్ తప్పనిసరి అనే అనుకోండి. డెన్స్ ఎలా ఉంది, ఎముక ఎంత మందం ఉంది, స్క్రూ ఏ కోణంలో వెళ్లాలి అనేవి డాక్టర్ దాని మీదే కొలుచుకుంటారు. ఎంఆర్‌ఐ వెన్నుపాము ఎంత నలిగిందో చూపిస్తుంది. బుల్లి జాతుల్లో తల వెనుక భాగం ఇరుకుగా ఉండటం, వెన్నుపాములో నీటి సంచులు ఏర్పడటం, మెదడులో నీరు చేరడం లాంటివి ఈ సమస్యతో పాటే ఉండొచ్చు. అవి ఉన్నాయని ముందే తెలిస్తే, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని లక్షణాలు ఎందుకు మిగిలాయో అర్థమవుతుంది. కుదిరితే రెండు స్కాన్‌లూ ఒకే మత్తులో అయ్యేలా అడగండి.

ఆపరేషనా, కట్టా?

ఆపరేషన్ లేకుండా కూడా ఒక దారి ఉంది. తల నుంచి ఛాతీ దాకా గట్టి స్ప్లింట్‌తో కట్టు కట్టి, కనీసం 8 వారాలు క్రేట్‌లో ఉంచుతారు. ఆ సమయంలో కీలు చుట్టూ నార లాంటి కణజాలం పెరిగి కొంత పట్టు వస్తుందని ఆశ. మరీ చిన్న కూనలకు, అంటే స్క్రూ పట్టుకోలేనంత మెత్తగా ఎముకలున్నవాటికి, ఇది కాస్త పెరిగే దాకా సమయం ఇస్తుంది. లక్షణాలు తేలిగ్గా ఉన్నప్పుడు, మత్తు తట్టుకోలేని వేరే జబ్బు ఉన్నప్పుడు, ఖర్చు భరించలేని పరిస్థితిలో కూడా ఇది న్యాయమైన దారే. ఆ దారి ఎంచుకున్నవాళ్లను తప్పుపట్టకూడదు. కొన్ని కుక్కలు దీంతోనే చక్కగా బతుకుతున్నాయి.

కాకపోతే కట్టు విప్పాక కూడా ఎముకలు కలిసిపోవు. చిన్న గెంతుకే సమస్య మళ్లీ తిరగబెట్టొచ్చు. కట్టుతో వచ్చే ఇబ్బందులూ తక్కువేం కాదు: చెవుల్లో ఇన్ఫెక్షన్, దవడ కింద పుండ్లు, కంటి మీద ఒరిపిడి, ఊపిరి ఇబ్బంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం. మెడకు మాత్రమే చుట్టిన కట్టు ఈ కీలును ఆపలేదు. తలా ఛాతీ రెండూ కట్టులోకి రావాల్సిందే.

కాళ్లు బలహీనపడినా, నొప్పి మళ్లీ మళ్లీ వస్తున్నా, కట్టుతో ఫలితం లేకపోయినా సాధారణంగా ఆపరేషనే సూచిస్తారు. ఇక్కడ కాలం విలువ చాలా ఎక్కువ. ఆపరేషన్ అయిన 46 కుక్కల వివరాలతో 2000లో వచ్చిన ఒక పరిశీలనలో, రెండేళ్ల లోపు లక్షణాలు మొదలైనవి, లక్షణాలు వచ్చి 10 నెలలు దాటనివి మెరుగ్గా కోలుకున్నాయని తేలింది. ఆపరేషన్‌కు ముందు కాళ్లలో ఎంత శక్తి మిగిలి ఉందనేదీ ముఖ్యమే. నా మాటగా చెప్పాలంటే, చేయించాలని మనసులో ఖాయమయ్యాక ఇంకో నెల చూద్దామని లాగకండి.

సర్జన్‌ను అడగాల్సినవి

ఇది ప్రతి క్లినిక్‌లో చేసే ఆపరేషన్ కాదు. మీ డాక్టర్‌కు ఎంత మంచి పేరున్నా, వెన్నెముక ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ దగ్గరికి పంపమని అడగడంలో మొహమాటం వద్దు. ఆ సర్జన్‌ను నేరుగా అడగండి: ఇంత చిన్న కుక్కలకు ఈ ఆపరేషన్ ఎన్ని చేశారు? ముందు నుంచి చేస్తారా, వెనుక నుంచా? ఏం అమరుస్తారు? ఆపరేషన్ తర్వాత రాత్రంతా పక్కన మనిషి ఉంటారా? ఊపిరి ఆగితే పెట్టడానికి వెంటిలేటర్ ఉందా? స్క్రూ వదులైతే తర్వాత ఏం చేస్తారు? చివరి ప్రశ్నకు ఓపిగ్గా, సూటిగా జవాబు చెప్పే సర్జన్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఆపరేషన్‌లో చేసేది

వెనుక నుంచి, అంటే మెడ పైభాగం నుంచి చేసే పద్ధతి పాతది. అట్లాస్ కప్పు కింద నుంచి తీగనో గట్టి దారాన్నో పోనిచ్చి యాక్సిస్ రెక్కకు కడతారు. ఆ తీగ సరిగ్గా వెన్నుపాము పై నుంచే వెళ్లాలి. పైగా తీగ తెగొచ్చు, పల్చటి ఎముకను కోసేయొచ్చు. ఎముకలు ఒకదానికొకటి అతుక్కునే ఏర్పాటు కూడా ఇందులో ఉండదు.

ఇప్పుడు ఎక్కువ మంది సర్జన్లు గొంతు వైపు నుంచి వెళ్తున్నారు. కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి, గొంతు మీద కోసి, శ్వాసనాళాన్ని, ఆహారనాళాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపి కీలు దగ్గరికి చేరతారు. రెండు ఎముకల మధ్య ఉన్న మృదులాస్థిని గీకి తీసేస్తారు. చాలాసార్లు భుజం దగ్గరి ఎముక నుంచి కొద్దిగా మెత్తటి గుజ్జు తీసి ఆ సందులో నింపుతారు. డెన్స్ వంకరగా ఉండి వెన్నుపామును నొక్కుతుంటే దాన్నీ తొలగించొచ్చు. తర్వాత ఎముకలను సరైన వరసలోకి తెచ్చి బిగిస్తారు. కీలు గుండా రెండు స్క్రూలు వేయడం ఒక తీరు. రెండు ఎముకల్లోనూ చిన్న స్క్రూలో పిన్నులో దించి, వాటి తలలన్నీ కలిపి బోన్ సిమెంట్‌తో పోతపోయడం ఇంకో తీరు. ప్లేటు వేసేవారూ ఉన్నారు. సిమెంట్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి సెలైన్ పోస్తూ చల్లబరుస్తారు.

రెండు కిలోల కుక్కలో స్క్రూ పట్టే ఎముక కొన్ని మిల్లీమీటర్లే. వాడే స్క్రూ మందం 1.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కొంచెం దారి తప్పితే పక్కనే వెన్నుపాము. అందుకే సీటీ స్కాన్ ఆధారంగా ఆ కుక్క ఎముకకు అచ్చంగా సరిపోయే డ్రిల్ గైడ్‌ను త్రీడీ ప్రింట్ చేయించుకునే సర్జన్లు ఇప్పుడు ఉన్నారు. మీ దగ్గర ఆ సౌకర్యం ఉంటే అడిగి చూడండి.

స్క్రూలు శాశ్వతంగా మోయడానికి పెట్టినవి కావు. ఎముకలు అతుక్కునే దాకా పట్టి ఉంచడమే వాటి పని. ఆలోగా మెడ ఎక్కువగా కదిలితే స్క్రూ వదులవుతుంది. కాబట్టి ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఇంట్లో విశ్రాంతి విషయంలో రాజీ కుదరదు.

ప్రాణాపాయం గురించి దాచకుండా చెప్పుకోవాలి. ఆపరేషన్ బల్ల మీదో, ఆ వెంటనే వచ్చే ఒకటి రెండు రోజుల్లోనో ఊపిరి ఆగి చనిపోయే కుక్కలు ఉన్నాయి. గుటక మింగలేకపోవడం, దగ్గు, అరుపు మారడం, న్యుమోనియా, స్క్రూ జారి రెండో ఆపరేషన్ కావాల్సి రావడం కూడా జరగొచ్చు. సంతకం పెట్టే ముందే ఇంట్లోవాళ్లంతా కూర్చుని, ఊపిరి ఆగితే ఎంతవరకు ప్రయత్నించమనాలో మాట్లాడుకోండి. కష్టమైన మాటే. కానీ అర్ధరాత్రి ఫోన్‌లో అడిగినప్పుడు తేల్చుకోవడం అంతకన్నా కష్టం.

ముందు రోజు

పస్తు ఎంతసేపు ఉంచాలో సర్జన్‌నే అడగండి. పెద్ద కుక్కల లెక్కలో రాత్రంతా పస్తు ఉంచితే బుల్లి కూనలకు షుగర్ పడిపోతుంది. గొంతు కింద, ఛాతీ దగ్గర పుండ్లు గానీ చర్మవ్యాధి గానీ ఉంటే చెప్పండి. స్నానం చేయించాలని మీరే చేసేయకండి, తడిపి తుడిచే గొడవలో మెడ వంగుతుంది. అదే రోజు ఇంట్లో క్రేట్ సిద్ధం చేసేయండి, తర్వాత తీరిక దొరకదు.

ఇంటికి తెచ్చాక

చాలా కుక్కలు కొన్ని రోజులు హాస్పిటల్‌లోనే ఉంటాయి. ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇంట్లో మొదటి 6 నుంచి 8 వారాలు పూర్తి విశ్రాంతి. విశ్రాంతి అంటే క్రేట్ లోపలే అని అర్థం. గదిలో వదిలేసి తలుపు వేయడం విశ్రాంతి కాదు. క్రేట్ అడుగున జారని మందపాటి పరుపు వేయండి. తలకింద ఎత్తైన దిండు పెట్టొద్దు, మెడ వంగుతుంది. క్రేట్‌ను కాలింగ్ బెల్‌కు, వీధి కిటికీకి దూరంగా పెట్టండి. బెల్ మోగగానే ఎగిరి మొరిగే ఆ ఒక్క గెంతు చాలు స్క్రూను కదిలించడానికి. మేము బెల్ వైరే పీకేశాం.

తిండి గిన్నె, నీళ్ల గిన్నె నేల మీద వద్దు. తల వంచకుండా నోరు అందే ఎత్తులో, ఛాతీ దగ్గరగా పట్టుకోండి. మొదటి రోజుల్లో మెత్తటి ఆహారాన్ని చిన్న ఉండలుగా చేసి, కుక్క బొజ్జ మీద తిన్నగా కూర్చుని ఉన్నప్పుడే పెట్టండి. పడుకున్నప్పుడు నోట్లో వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తిన్న తర్వాత కొంతసేపు అలాగే ఉంచండి. గుటక వేసినప్పుడల్లా దగ్గితే, ముక్కులోంచి తిండి బయటికొస్తే, ఆ పూట పెట్టడం ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మలమూత్రాలకు ఎత్తుకుని వెళ్లి కిందికి దించి, పని కాగానే ఎత్తుకుని తిరిగి రండి. నిలబడలేని కుక్కైతే పొట్ట కింద తువ్వాలు ఉయ్యాలలా వేసి పట్టుకోండి. హార్నెస్ ఛాతీ మీద పట్టేదై ఉండాలి. మెడ మీద దాని పట్టీ ఏదీ పడకూడదు, కుట్లకు ఒరుసుకోకూడదు.

కదల్లేని కుక్కను దాదాపు 4 గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే ఒత్తిడి పుండ్లు పడతాయి. మార్చేటప్పుడు ఇద్దరుంటే మంచిది, ఒకరు తలను శరీరంతో పాటే తిప్పాలి. మూత్రం దానంతట అది రాకపోతే పొత్తికడుపు నొక్కి ఎలా ఖాళీ చేయించాలో డిశ్చార్జ్‌కు ముందే నర్సు దగ్గర మీ చేత్తో చేసి నేర్చుకోండి. వీడియో చూసి నేర్చుకునే పని కాదిది. కాళ్ల కీళ్లు బిగుసుకోకుండా రోజూ నెమ్మదిగా వంచి చాచే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ చూపిస్తారు. అవి కాళ్లకు మాత్రమే, మెడకు కాదు.

మూడో వారం నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది. నొప్పి తగ్గి, కుక్క హుషారుగా తోక ఊపుతూ బయటికి రావాలని గోల చేస్తుంది. పాపం అనిపించి వదిలేసేది ఈ సమయంలోనే. ఎముక అతుక్కోవడానికి ఇంకా సమయం ఉంది. దాని క్రేట్ పక్కనే కూర్చుని మీ పని చేసుకోండి. నమిలే వస్తువు ఇవ్వాలంటే తలతో లాగి పీకేది కాకుండా నాకేది ఇవ్వండి. మరీ ఆగకపోతే డాక్టర్ దాన్ని కాస్త నెమ్మదింపజేసే మందు రాస్తారు, అడగడానికి సంకోచించకండి.

నొప్పి మళ్లీ రావడం, నడక ముందు రోజు కన్నా దిగజారడం, ఊపిరి వేగం మారడం, జ్వరం, కుట్ల దగ్గర వాపు, ఇవేవి కనిపించినా ఆ రోజే చూపించాలి. నడకను వారానికోసారి అదే చోట, అదే కోణంలో ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. రోజూ చూసే కళ్లకు మార్పు తెలియదు. సర్జన్‌కు ఆ వీడియోలు మీ వర్ణన కన్నా ఎక్కువ చెబుతాయి.

6 నుంచి 8 వారాల మధ్య మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. స్క్రూలు ఉన్నచోటే ఉండి, ఎముకలు వరస తప్పకుండా ఉన్నాయంటేనే నడక మొదలు. మొదట హార్నెస్ మీద అయిదు నిమిషాలు, అలా వారాల మీద పెంచుకుంటూ పోవాలి. పరుగు, మెట్లు, వేరే కుక్కలతో కుస్తీ అన్నిటికన్నా చివర్లో, అదీ సర్జన్ సరే అన్నాకే. తల పక్కలకు తిప్పడం కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ కీలు బిగించేశారు కాబట్టి అది మామూలే.

మెడకు కాలర్ ఇక జన్మలో వద్దు, హార్నెస్సే. సోఫాకు, మంచానికి చిన్న ర్యాంప్ పెట్టండి. గ్రూమింగ్‌కు తీసుకెళ్లినప్పుడు మెడకు ఉచ్చు వేసి బల్లకు కట్టవద్దని ప్రతిసారీ చెప్పండి, తెలిసిన చోటైనా సరే. పుట్టుకతో వచ్చిన లోపమైతే ఆ కుక్కతో పిల్లలను పెట్టించకండి, దాన్ని అమ్మినవాళ్లకూ ఈ సంగతి చెప్పండి. దాని తోబుట్టువులు ఎవరింట్లో ఉన్నాయో వాళ్లకు తెలియాలి కదా.